32 పోగుల పడుగు

వరంగల్ కొత్తవాడలో దర్రీ నేసే మగ్గం పక్కన కాసేపు కూర్చుంటే ముందు చెవికి అందేది లయ. కాలి కింది పలకను తొక్కగానే పడుగులో సగం పోగులు పైకి లేస్తాయి, తక్కిన సగం కిందే ఉండిపోతాయి. రెంటి నడుమ తెరుచుకున్న దారిలోంచి పేక సాగుతుంది. దువ్వెనలాంటి ఇనుప పనిముట్టుతో దాన్ని దగ్గరికి కొడతారు. మళ్లీ తొక్కుడు. ఈసారి పైవి కిందికి, కిందివి పైకి. వందల పోగులున్నా ఏ ఒక్కటీ ఒంటరిగా కదలదు. తన వరస కదిలితేనే కదులుతుంది.

హనుమకొండలో ఏ ఇంజనీరింగ్ విద్యార్థి గదిలోనో కంప్యూటర్ మీద గేమ్ నడుస్తున్నప్పుడు, పెట్టె లోపలి గ్రాఫిక్స్ కార్డులో జరిగేది కూడా ఇదే. ఇది నేను తెచ్చిపెట్టిన పోలిక కాదు. ఎన్‌విడియా ఇంజనీర్లు తమ చిప్‌లో ఒకే ఆజ్ఞకు కలిసి కదిలే 32 పోగుల కట్టకు ‘వార్ప్’ అని పేరు పెట్టారు. వార్ప్ అంటే పడుగు. కంప్యూటర్‌లో ఒక్కో పని వరసను ‘థ్రెడ్’, అంటే పోగు అనడం అంతకుముందే ఉంది. పోగులన్నీ ఒక్కటై నడిచేదానికి పేరు కావాల్సి వస్తే వాళ్లు మగ్గం దగ్గరికే వెళ్లారు.

ఇన్ని పోగులు ఎందుకంటే, తెర అడిగే పని అలాంటిది. మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. కదలిక సాఫీగా కనిపించాలంటే బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలి. అంటే ప్రతి సెకనూ 12 కోట్లకు పైగా చుక్కలకు రంగు తేల్చాలి. వెలుతురు ఎటునుంచి పడుతోంది, గోడ గరుకుగా ఉందా, నీడ ఎక్కడిదాకా వచ్చింది అని ప్రతి చుక్క దగ్గరా లెక్క వేయాలి. లెక్క చిన్నదే, చుక్కలే కోట్లు. కంప్యూటర్‌లోని ప్రధాన ప్రాసెసర్ చిక్కు లెక్కల్లో దిట్ట, కానీ దానికున్న చేతులు కొన్నే. ఇక్కడ కావాల్సింది ఒకే పనిని వేల చోట్ల ఒకేసారి చేసే చేతులు.

ఆ చేతులు ఒక్కరోజులో రాలేదు. 1993లో అమెరికాలో జెన్సన్ హువాంగ్, క్రిస్ మలకోస్కీ, కర్టిస్ ప్రీమ్ కలిసి ఎన్‌విడియాను స్థాపించారు. 1999లో వచ్చిన జీఫోర్స్ 256తో ‘జీపీయూ’ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) అన్న మాట ఊరూరా తెలిసింది. అందులో చుక్కలకు రంగు వేసే వరసలు నాలుగే. 2006 నవంబరులో వచ్చిన జీఫోర్స్ 8800 జీటీఎక్స్ అసలు మలుపు. అంతవరకు ఆకారాల లెక్కకు కొన్ని భాగాలు, రంగుల లెక్కకు వేరే భాగాలు ఉండేవి. ఒకవైపు పని ముంచుకొస్తుంటే ఇంకోవైపు ఊరికే కూర్చునేవి. కొత్త చిప్‌లో ఆ గోడ తీసేసి, ఏ పనైనా చేయగల 128 ప్రాసెసర్లను పెట్టారు. 32 పోగుల పడుగు మొదటిసారి మగ్గమెక్కింది అందులోనే.

ఇలాంటి కార్డులు ఖరీదైనవి. వరంగల్‌కు ఖరీదైనదానికీ అందరికీ అందేదానికీ ఉన్న తేడా కొత్త కాదు. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్లినవి ఇక్కడి తివాచీలు. మన ఇళ్లలో, పెళ్లి పందిళ్లలో, బడి వరండాల్లో పరుచుకున్నవి మాత్రం జంపఖానాలు, అంటే దర్రీలు. తివాచీ పేరు తెచ్చింది, జంపఖానా ఇంటింటికీ వచ్చింది. 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది కూడా వరంగల్ దర్రీకే. గ్రాఫిక్స్ కార్డుల్లో ఆ జంపఖానా పాత్ర మధ్యశ్రేణి కార్డుది.

ఆ శ్రేణిని గట్టిగా నమ్మినవారిలో ఒక తెలుగు ఇంజనీరు ఉన్నారు. రాజా కోడూరి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివారు. 2015లో ఏఎండీ సంస్థ గ్రాఫిక్స్ విభాగానికి సారథి అయ్యారు. మరుసటి ఏడు జూన్ 29న రేడియన్ ఆర్‌ఎక్స్ 480 వచ్చింది. 2304 ప్రాసెసర్లు, 570 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్న ఆ కార్డు తొలి ధర 199 డాలర్లు. అంత ధరలోనే వర్చువల్ రియాలిటీ అందరికీ అందాలన్నది వాళ్ల సంకల్పం. మొదట్లో ఆ కార్డు మదర్‌బోర్డు స్లాట్ నుంచి పరిమితికి మించి కరెంటు లాగుతోందని తేలింది. కొద్ది రోజుల్లోనే సాఫ్ట్‌వేర్ మార్చి సరిదిద్దారు. 2017లో క్రిప్టో కరెన్సీ తవ్వేవాళ్లు ఈ తరహా కార్డుల మీద పడటంతో ఆడుకునే పిల్లలకు అవి దొరకని పరిస్థితి వచ్చింది.

ఇప్పటి మధ్యశ్రేణికి 2025 మే నెలలో వచ్చిన జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 5060ని చూద్దాం. ఫ్యాన్లు, అల్యూమినియం రేకులు విప్పి, బూడిదరంగు థర్మల్ పేస్టు తుడిస్తే నడుమ అద్దంలా మెరిసే చిప్ బయటపడుతుంది. వైశాల్యం 181 చదరపు మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరంత. అందులో 2,190 కోట్ల ట్రాన్సిస్టర్లు. చుట్టూ నాలుగు మెమరీ చిప్‌లు, ఒక్కోటి 2 గిగాబైట్లు. లెక్కలు చేసే కోర్లు మొత్తం 3840. వాటిని 32తో భాగిస్తే 120. అంటే ఒకేసారి 120 పడుగులు నడిచే మగ్గాల షెడ్డు అది. దీని కరెంటు వాడకం 145 వాట్లు, అంటే రెండు సీలింగ్ ఫ్యాన్లంత.

మెమరీ నుంచి సమాచారం రావడానికి చిప్ గడియారంలో వందల టిక్కులు పడతాయి. అందాకా ఒక పడుగు ఆగిపోతే ఇంకో పడుగుకు వంతు ఇస్తారు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో ఒకే కార్మికుడు అనేక మగ్గాల మధ్య తిరుగుతూ పని ఆగకుండా చూసుకునే పద్ధతే ఇది. అందుకే ఈ చిప్ తన కోర్ల కంటే ఎన్నో రెట్లు, సుమారు 46 వేల పోగులను సిద్ధంగా ఎక్కించి ఉంచుకోగలదు.

పోగుల్లో కొన్నిటికి ఒక దారి, కొన్నిటికి ఇంకో దారి పడితే? ఉదాహరణకు ఒకే పడుగులో సగం చుక్కలు ఎండలో, సగం నీడలో ఉన్నాయనుకుందాం. అప్పుడు ఎండ చుక్కల లెక్క జరుగుతున్నంతసేపూ నీడవి ఆగుతాయి, తర్వాత నీడవి కదిలితే ఎండవి ఆగుతాయి. కొత్తవాడ నేతగాడు పలక తొక్కినప్పుడు జరిగేదీ ఇదే కదా. తేడా ఒక్కటే. మగ్గం మీద ఆ విభజనతోనే బట్ట పుడుతుంది, చిప్‌లో దానివల్ల సమయం పోతుంది. మంచి ప్రోగ్రామరు పోగులు విడిపోకుండా లెక్క రాస్తాడు.

ఈ కార్డుకు లోటూ ఉంది. 8 గిగాబైట్ల మెమరీ కొత్త గేమ్‌లను అత్యున్నత నాణ్యతలో ఆడేవారికి చాలకపోవచ్చు. కృత్రిమ మేధతో మధ్యలో ఫ్రేములు కల్పించి చేర్చే ఏర్పాటు ఇందులో ఉంది. దానితో బొమ్మ సాఫీగా కనిపిస్తుంది కానీ, మన చేతి కదలికకు గేమ్ స్పందించే ఆలస్యం తగ్గదు. కొనేముందు పిల్లలకూ తల్లిదండ్రులకూ ఇది తెలిసి ఉండాలి.

తెలియాల్సింది ఇంకొకటీ ఉంది. విడుదలప్పుడు దీని ప్రకటిత ధర 299 డాలర్లు. అదే తరం జీఫోర్స్ కార్డుల్లో అన్నిటికంటే పెద్దదైన 5090 ప్రకటిత ధర 1,999 డాలర్లు, దాని కోర్లు 21,760. కానీ రెంటిలోనూ పడుగు 32 పోగులదే. మగ్గాలు పెరిగాయి, నేత మారలేదు. చిన్న కార్డు మీద నేర్చుకున్న విద్య పెద్ద కార్డు మీదా చెల్లుతుంది. 2012లో టొరంటోలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ తన గదిలో రెండు గేమింగ్ కార్డులతో బొమ్మలను గుర్తుపట్టే నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చాడు. నేటి కృత్రిమ మేధకు తలుపు తెరిచిన పనుల్లో అదొకటి. 1959లో వరంగల్‌లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కళాశాల ఈనాటి ఎన్‌ఐటీ. అక్కడి హాస్టల్ గదిలోని మధ్యశ్రేణి కార్డును ఆటబొమ్మగానే చూస్తే దానికి అన్యాయం చేసినట్టే.

నేత పూర్తయిన దర్రీలో పడుగు కంటికి కనపడదు. రంగురంగుల పేక దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. గేమ్ ఆడేవారికీ రంగులే కనిపిస్తాయి. అయితే దర్రీ రెండు చివర్లా కుచ్చులుగా వేలాడేవి ఆ పడుగు పోగులే. గేమ్ ఆడే పిల్లలున్న ఇంట్లో దర్రీ ఉంటే, ఒకసారి ఆ కుచ్చులను వాళ్ల చేతికి ఇవ్వండి.