ర్యాప్‌ని పియానో మీద పలికించేదెలా?

కాలేజీ ఫెస్ట్ అంటే మా ఇద్దరిదీ ఒకటే ఐటమ్. వాడు ర్యాప్, నేను కీబోర్డ్. పాట ‘ఎంపైర్ స్టేట్ ఆఫ్ మైండ్’. మొన్న వాడికి వీసా వచ్చింది. ఎమ్మెస్‌కి న్యూజెర్సీ వెళ్తున్నాడు. హడ్సన్ నది దాటితే న్యూయార్కే! వెళ్లే ముందు రోజు వాళ్లింట్లో చిన్న పార్టీ. ‘ఈసారి నేను పాడనురా, కూర్చుని వింటా. నువ్వొక్కడివే వాయించు’ అన్నాడు. సరేనన్నా. అసలు కష్టాలు అప్పుడే మొదలయ్యాయి.

ఈ పాట 2009లో ‘ది బ్లూప్రింట్ 3’ ఆల్బమ్‌లో వచ్చింది. అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100లో 5 వారాలు నంబర్ 1గా ఉంది. పల్లవి పాడింది అలీషియా కీస్. దాంతో ఇబ్బంది లేదు, చక్కటి ట్యూన్ ఉంది. మరి 3 చరణాలూ జే-జీ చెప్పే ర్యాపే కదా! ట్యూనే లేనిదాన్ని పియానో మీద ఏం వాయిస్తాం?

మొదట మాటమాటకీ ఒక్కో నోటు కొట్టుకుంటూ పోయా. టైప్ మిషన్ కొట్టినట్టుంది. ‘కీబోర్డ్ పాడైందా?’ అని వంటింట్లోంచి అమ్మ.

సరే, ర్యాప్ మొత్తం తీసేద్దామనుకున్నా. అలీషియా కీస్ కూడా అదే ఏడాది తన ‘ది ఎలిమెంట్ ఆఫ్ ఫ్రీడమ్’ ఆల్బమ్‌లో ఈ పాటకి రెండో భాగం చేసింది. అందులో ర్యాప్ ఉండదు, చరణాలు కూడా ఆమే పాడుతుంది. నేనూ అలాగే వాయించా. వినడానికి హాయిగానే ఉంది. కానీ అందులో మావాడు లేడు. విమానం ఎక్కకముందే వాణ్ని పాటలోంచి పంపేసినట్టు అనిపించింది.

మూడోసారి వాడి ర్యాప్‌ని ఫోన్‌లో రికార్డ్ చేసి, వాయించకుండా పదిసార్లు విన్నా. ఏ మాట నొక్కుతున్నాడో అక్కడ మాత్రమే చప్పట్లు కొట్టా. అప్పుడు దారి దొరికింది. మీకూ పనికొస్తుంది, చూడండి.

మాటలన్నీ వాయించొద్దు. నొక్కి పలికేవి చాలు. అంత్యప్రాస పడే చోట మాత్రం రెండు మూడు నోట్లు కలిపి కొట్టండి. ఊపిరి తీసుకునే చోట చేతులు ఆపేయండి. ఆ ఖాళీ కూడా ర్యాపే.

నోట్లు తక్కువ వాడండి. మాట్లాడేటప్పుడు మన గొంతు మరీ పైకీ కిందికీ పోదుగా! ఈ పాట స్కేల్ ఎఫ్ షార్ప్ మేజర్. 5 నల్ల మెట్లూ ఇందులోవే. పక్కపక్కనే ఉండే 3 నల్ల మెట్లతోనే నేను చరణం నడిపించా.

డ్రమ్స్ పని ఎడమచేతిది. 1, 3 బీట్ల మీద కింది నోటు బరువుగా, 2, 4 మీద పొట్టిగా ఒక కార్డ్.

చరణంలో పెడల్ తొక్కొద్దు, పొడిపొడిగా ఉండాలి. పల్లవి రాగానే తొక్కండి. ఒక్కసారిగా గది నిండిపోతుంది.

ఇక మూడో చరణం. అక్కడ కుడిచెయ్యి తీసేశా. ఎడమచెయ్యి ఒక్కటే నడుస్తుంది. వాడి చోటు వాడికే వదిలేశా.

పార్టీ రోజు ఆ చరణం రాగానే గదిలో ఎవరూ మాట్లాడలేదు. వాడూ పాడలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

ఆ రికార్డింగ్ ఇప్పుడు వాడి ఫోన్‌లో ఉంది. కాలేజీకి బస్సులో వెళ్తూ వింటాడట. మూడో చరణం వస్తే ర్యాప్ తనే చెప్పుకుంటాడట, పక్కవాళ్లకి వినపడకుండా!