కాపలా వలకేనా, మురుగుకు లేదా?

టైగర్ రొయ్య పుట్టేది సముద్రంలో, పెరిగేది మడ అడవిలో. కంటికి ఆనని పిల్ల పోటు నీటితో పాయల్లోకి చేరి, మడచెట్ల వేళ్ల సందున దాక్కుని, ఒళ్లు చేశాక మళ్లీ సముద్రం దారి పడుతుంది. మండపీతా పండుగప్పా చిన్ననాట తలదాచుకునేది కూడా ఈ పాయల్లోనే. కాకినాడను ఆనుకుని, గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరంగి మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఈ అడవి పచ్చగా ఉంటేనే చుట్టుపక్కల రేవుల్లో వలలు నిండుతాయి.

ఇన్నేళ్ల కాపలా తర్వాత కూడా మత్స్యకారుడి కష్టం తీరలేదు. ఆంక్షల బరువంతా అతని మీదే పడింది. అభయారణ్యంలో కట్టె కొట్టకూడదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు రేవు దాటకూడదు. చేప గుడ్లు పెట్టే కాలం కనుక ఈ విరామం న్యాయమే. గుడ్డు మీదున్న పెద్ద చేప ఒక్కటి వల తప్పించుకుంటే లక్షల గుడ్లు నీటిలో పడతాయి. కానీ ఆ రెండు నెలలూ ఇల్లు గడవాలి, వల మీద, ఇంజను మీద చేసిన అప్పుకు వడ్డీ కట్టాలి. వేట విరామ భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచారు. మేలే, కానీ చేప తగ్గిపోతే ఏ భృతీ ఆ లోటు పూడ్చలేదు.

కాకినాడ నగరానికి మాత్రం ఏ విరామమూ లేదు. తుఫాన్లకు అడ్డు నిలిచే హోప్ ఐలాండ్ ఇసుకమేట వెనక, కాకినాడ అఖాతం సగం మూసిన నీరు. అందులోకి చేరిన నగరపు మురుగు తేలిగ్గా బయటికి పోదు. మడ అడవినీ వదల్లేదు. 1990లలో రొయ్యల చెరువుల కోసం మడ నేలలు తవ్వారు. చెరువులకు సీడు కావాలని సన్నకన్ను వలలతో పాయలు జల్లించి, రొయ్య పిల్లలను ఏరుకుని, మిగతా చేపపిల్లలను ఒడ్డున పారబోశారు. 2020లో దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడచెట్లు నరికితే వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

పోయిన అడవిని తిరిగి తేవడం కోరంగి చుట్టుపక్కల ఊళ్లకు తెలుసు. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖతో కలిసి ఊరివాళ్లే చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ పెద్ద కాలువ, ఇరుపక్కలా పిల్ల కాలువలు. పోటు నీరు లోపలికి వచ్చిపోవడంతో ఉప్పు పేరుకుని చౌడుబారిన నేల మీద మడ మొక్క మళ్లీ నిలదొక్కుకుంది.

చేపను కాపాడే భారం చేపలు పట్టేవాడొక్కడే మోయడం అన్యాయం. మురుగు శుద్ధి చేయకుండా అఖాతంలోకి వదలకూడదు. మడ నేల ఒక్క సెంటు కూడా పూడ్చకూడదు. వేట ఆపమన్నంత గట్టిగా ఈ రెండూ ఆపించాలి. కోరంగి మీద నిర్ణయాలు తీసుకునేచోట, పాయల లోతుపాతులు తెలిసిన మత్స్యకారులకు కుర్చీ వేయాలి.