వేగం పెరిగింది... నిలకడ ఏదీ?

సూరత్: ఇక్కడి రింగు రోడ్డు వస్త్ర మార్కెట్లలో ఒకప్పుడు బేరం కుదరాలంటే కొనుగోలుదారు స్వయంగా వచ్చి, చీర మడత విప్పి చూడవలసి ఉండేది. ఇప్పుడు హైదరాబాదులోనో, విజయవాడలోనో దుకాణంలో కూర్చున్న వ్యాపారి సెల్‌ఫోన్‌లోనే నమూనాలు చూసి, అందులోనే సొమ్ము చెల్లిస్తున్నాడు. నేతపనికై తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన కుటుంబాలు స్వగ్రామాలకు డబ్బు పంపడానికీ ఈ సాధనమే అక్కరకొస్తోంది. సిగ్నల్ తెగితే ఈ వ్యవహారాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి.

దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమయ్యాయి. అదే ఏడాది నవంబరులో జియో సంస్థ గుజరాత్‌లోని 33 జిల్లా కేంద్రాలకూ వాటిని విస్తరించింది. దీనితో వేగం పెరిగినా, సేవల నిలకడకు మాత్రం అదొక్కటే చాలదు.

గోడలు... గోతులు

5జీకి విస్తృతంగా వాడుతున్న 3,300 మెగాహెర్ట్జ్ శ్రేణి తరంగాలు అధిక సమాచారాన్ని మోయగలవు గాని, మందపాటి కాంక్రీటు గోడలు దాటేసరికి బలహీనపడతాయి. 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడలను మెరుగ్గా చొచ్చుకుపోయినా, మోయగల సమాచారం తక్కువ. అందువల్ల బహుళ అంతస్తుల మార్కెట్లలో, సెల్లార్లలో భవనం లోపలే చిన్న యాంటెనాలు అమర్చడం మేలైన మార్గం.

టవరుకు సమాచారాన్ని చేరవేయడంలో భూగర్భ ఫైబర్ తీగలది కీలక పాత్ర. తవ్వకాల్లో అవి తెగితే టవరు ఉండీ ప్రయోజనం లేదు. సమన్వయం లేని తవ్వకాల వల్ల దేశానికి ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టం వాటిల్లుతోందని అంచనా వేసిన కేంద్రం, 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను ప్రారంభించింది. తవ్వేవారు ముందుగా తెలియజేస్తే, ఆ చోట తీగలు, గొట్టాలు ఉన్న సంస్థలకు సమాచారం అందుతుంది. 2021 జనవరిలో మెట్రోకు శంకుస్థాపన జరిగిన సూరత్ వంటి నగరానికి ఇది అత్యవసరం.

విద్యుత్తు మరో సమస్య. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగం మునిగింది. టవర్ల బ్యాటరీలు, జనరేటర్లు నీటికి అందని ఎత్తులో ఉండాలని ఆ అనుభవం చెబుతోంది.

పరిహారం ఎంతవరకు?

టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఆగస్టులో సేవల నాణ్యతపై కొత్త నిబంధనలు జారీ చేసింది. ప్రమాణాలు పాటించని కంపెనీలపై జరిమానాను 50 వేల రూపాయల నుంచి, ఉల్లంఘన తీవ్రతను బట్టి, గరిష్ఠంగా 10 లక్షలకు పెంచింది. జిల్లా స్థాయిలో సేవలు 24 గంటలకు మించి నిలిచిపోతే పోస్ట్‌పెయిడ్ వినియోగదారులకు అద్దె తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలని నిర్దేశించింది.

చిరు వ్యాపారికి చిక్కు ఇక్కడే ఉంది. ఒక మార్కెట్లో గంటసేపు సిగ్నల్ లేకపోతే అది జిల్లా స్థాయి అంతరాయం కాదు, 24 గంటల గడువూ దాటదు. కనుక పరిహారం రాదు. ఒకవేళ వచ్చినా అది ఫోన్ అద్దెకే గాని, చేజారిన బేరానికి కాదు. లెక్క జిల్లా నుంచి మార్కెట్టుకు, వీధికి దిగివచ్చేవరకు ఈ నష్టం వ్యాపారి ఖాతాలోనే ఉంటుంది.