గూడబాతుల గమనం.. తేలినీలాపురానికి శోభాయమానం

శ్రీకూర్మం: శ్రీకూర్మనాథుని దర్శనానంతరం కళింగపట్నం తీరాన్ని చూసి వెనుదిరగడం యాత్రికులకు పరిపాటి. అక్టోబరు నుంచి మార్చి వరకు ఆ ప్రయాణాన్ని టెక్కలి మండలం తేలినీలాపురం దాకా పొడిగిస్తే ఊరి నడుమ చెట్లపై గూళ్లు కట్టిన గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కనువిందు చేస్తాయి. ఇవి నడిసముద్రంలో వేటాడే పక్షులు కావు. తీరాన్ని ఆనుకున్న నౌపడ ఉప్పుమళ్లు, తంపర నేలలే వీటికి మేత స్థలాలు. సైబీరియా నుంచి వస్తాయన్న ప్రచారం ఏళ్ల తరబడి సాగుతున్నా అందులో నిజం లేదు. ఈ రెండు జాతులూ దక్షిణ, ఆగ్నేయాసియాకు చెందినవే.

గూటిలోని పక్షిని అందరూ చూస్తారు. అసలు విశేషం ఎగిరే పక్షిలో ఉంది. గూడబాతు మెడను వెనుకకు మడిచి, తలను భుజాలకు ఆనించి ఎగురుతుంది. కొంగ మెడను ముందుకు, కాళ్లను వెనుకకు చాచి సాగుతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే ఎంత ఎత్తున ఉన్నా రెండింటినీ గుర్తుపట్టవచ్చు.

ఇందుకు వేకువ కంటే పొద్దెక్కిన వేళే అనుకూలం. నాలుగైదు కిలోల బరువున్న గూడబాతుకు రెక్కలు ఆడిస్తూ దూరం పోవడం శ్రమతో కూడిన పని. ఎండకు నేల కాగి వేడిగాలి పైకి లేవగానే, కొస నుంచి కొసకు రెండు మీటర్లు మించిన రెక్కలను చాచి, ఆ గాలిలో సుడులు తిరుగుతూ పైకి చేరుతుంది. అక్కడి నుంచి రెక్క కదపకుండానే నీటివైపు చాలా దూరం జారిపోతుంది. ఇలా మిగిలిన సత్తువే పిల్లలకు మేత తేవడానికి ఆసరా. తిరిగొచ్చిన తల్లి గొంతు సంచిలో పిల్లలు తల దూర్చి, సగం అరిగిన చేపలను తింటాయి.

ఆ చేపలే ఒక ఏడాది ప్రాణాల మీదకు తెచ్చాయి. ఈ పక్షుల రాకను గ్రామస్థులు శుభసూచకంగా భావిస్తారు, వాటి జోలికి పోరు. అయినా 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో వందకు పైగా గూడబాతులు ఇక్కడ మృత్యువాత పడ్డాయి. మేత ద్వారా చేరిన నులిపురుగులే ఇందుకు కారణమని పరీక్షల్లో తేలింది. చెట్లకు కాపలా ఉన్నా ముప్పు నీటి నుంచి వచ్చింది.

గూడబాతులు ఒక చోటును పూర్తిగా విడిచిపోవడం ఆంధ్రదేశానికి కొత్తకాదు. పశ్చిమగోదావరి జిల్లా ఆరేడులో 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె.నీలకంఠన్ గుర్తించిన భారీ స్థావరం 1970వ దశకంలో ఖాళీ అయింది. తరువాతి కాలంలో అవి కొల్లేటి తీరాన ఆటపాక చేరాయి. తేలినీలాపురం పక్షులకు మాత్రం నౌపడ నీళ్లకు సాటివచ్చే మేత స్థలం చేరువలో మరొకటి దొరకడం కష్టం.

సందర్శకులు చెట్ల కింద కేకలు వేయడం, బాణసంచా కాల్చడం తగదు. బెదిరిన తల్లి లేచిపోతే గుడ్లు, పిల్లలు క్షణాల్లో కాకుల పాలవుతాయి. కాస్త దూరంగా నిలబడి నౌపడ దిక్కున ఆకాశాన్ని గమనిస్తే చాలు.