ఒకే పుస్తకం – బ్రిటిష్ ప్రతి, అమెరికన్ ప్రతి

కాలేజీలు తెరవగానే మన విద్యార్థులు చాలామంది స్కాలర్‌షిప్ సొమ్ముతో పాత పుస్తకాలు కొనడానికి బెంగళూరు అవెన్యూ రోడ్డుకు వెళ్తారు. పేరు, రచయిత ఒకటే అయినా చేతికి వచ్చిన ప్రతి మీకు పనికిరాకపోవచ్చు. ఇంగ్లీషు పుస్తకాలు బ్రిటన్‌లో ఒక రకంగా, అమెరికాలో ఇంకొక రకంగా వెలువడడం మామూలే.

కథల పుస్తకాలకైతే పెద్ద నష్టం లేదు. 1997లో బ్రిటన్‌లో వచ్చిన 'హ్యారీ పాటర్ అండ్ ద ఫిలాసఫర్స్ స్టోన్' 1998లో అమెరికాలో 'సోర్సరర్స్ స్టోన్' అయింది. వేర్వేరు నవలలనుకుని రెండూ కొనకుంటే చాలు! 'కలర్' అనే మాటలో అమెరికావారు 'యు' అక్షరం వదిలేస్తారు. మన పాఠ్యపుస్తకాలది బ్రిటిష్ పద్ధతి. ఒకే జవాబులో రెండూ కలిపి వ్రాయకండి.

అసలు చిక్కంతా లెక్కల్లోనే. అమెరికన్ ఇంజనీరింగ్ పుస్తకాలు చాలావాటిలో అడుగులు, పౌండ్లు ఉంటాయి. మనకు కావలసింది మీటర్లు, కిలోగ్రాములు వాడే ఎస్.ఐ. ఎడిషన్. గ్యాలన్ అంటే అమెరికాలో సుమారు 3.79 లీటర్లు, బ్రిటన్‌లో 4.55. పాత బ్రిటిష్ పుస్తకాలలో బిలియన్ అంటే లక్ష కోట్లు, అమెరికాలో నూరు కోట్లే. 1974లో బ్రిటన్ ప్రభుత్వం కూడా అమెరికా లెక్కకు మారింది. కనుక పాత పుస్తకమైతే ముద్రణ సంవత్సరం తప్పక చూడాలి.

తల్లిదండ్రులు అట్ట చూసి డబ్బు ఇవ్వవద్దని మనవి. అభ్యాసాల వరుస కూడా మారుతుంటుంది. లెక్చరర్ చెప్పిన 12వ లెక్క మీ ప్రతిలో వేరొకటి కావచ్చు. కాలేజీ లైబ్రరీలోని ప్రతిపై ఉన్న ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య వ్రాసుకుని వెళ్ళి, కొట్టులో సరిచూసుకుని కొనండి.