క్షేత్రపరిశోధనలో డిజిటల్ ధ్వనిముద్రణ: కొన్ని మౌలిక పారిభాషిక పదాలు

ఉపోద్ఘాతం:
కొల్లేటి లంక గ్రామాలలో మౌఖిక గేయాలను, కథాగానాలను సేకరించే పరిశోధకునికి నేడు ధ్వనిముద్రణమే మూలప్రతి. కళాకారుడు కాలం చేస్తే ఆ పాఠాన్ని తిరిగి పొందే మార్గం లేదు. కనుక ఈ పరిభాషను సాంకేతిక నిపుణులకే వదిలివేయక, పాఠపరిష్కరణ పరిభాషతో సమానంగా పరిశోధకుడు తెలుసుకోవలసి ఉంది.

1. శాంపిల్ రేటు, బిట్ డెప్త్:
ధ్వని నిరంతర తరంగం. రికార్డరు దానిని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి అంకెలుగా నమోదు చేస్తుందో ఆ సంఖ్యే శాంపిల్ రేటు. సీడీకి అది 44,100. ఈ రేటులో సగానికి లోబడిన పౌనఃపున్యాలే నమోదవుతాయి. మానవ శ్రవణ పరిమితి సుమారు 20,000 హెర్ట్జులు. ఒక్కొక్క కొలతలోని సూక్ష్మతను బిట్ డెప్త్ తెలుపుతుంది. 16 బిట్లకు 65,536 స్థాయిలు, 24 బిట్లకు సుమారు 1.67 కోట్ల స్థాయిలు ఉంటాయి. భద్రపరచవలసిన ధ్వనిముద్రణలకు అంతర్జాతీయ ధ్వనిభాండాగారాల సంఘం 48,000 హెర్ట్జులు, 24 బిట్లను కనీస ప్రమాణంగా సూచించింది.

2. గెయిన్, క్లిప్పింగ్:
మైకు నుండి వచ్చే సంకేతాన్ని ఎంత పెంచాలో నిర్ణయించేది గెయిన్. అది మితిమీరితే తరంగ శిఖరాలు తెగిపోతాయి. ఇదే క్లిప్పింగ్. బుర్రకథలో కథకుని గొంతుకు తగినట్లు గెయిన్ అమర్చితే, వంతలు గుమ్మెట బలంగా వాయించినప్పుడు స్థాయి హద్దు దాటవచ్చు. ఏలూరు సమీపంలో ఈ వ్యాసకర్త చేసిన తొలి సేకరణలో అదే జరిగింది. గుమ్మెట మోతతో పాటు వంతల పలుకులూ చెడిపోయాయి. ఇది తాళపత్రంలోని గ్రంథపాతం వంటిది. సాఫ్ట్‌వేర్ దానిని పూరించినా, అది ఊహాపాఠమే అవుతుంది. అందుచేత ముందుగా వాద్యం గట్టిగా వాయింపజేసి, శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర నిలిచేలా చూసుకోవాలి.

3. వేవ్, ఎంపీ3:
వేవ్ ఫైలు సాధారణంగా కొలతలన్నిటినీ యథాతథంగా నిలుపుతుంది. పై ప్రమాణంలో గంటసేపు చేసిన స్టీరియో ముద్రణకు సుమారు ఒక గిగాబైటు అవసరం. ఎంపీ3 చెవికి అంతగా పట్టవని లెక్కించిన అంశాలను తొలగించి పరిమాణం తగ్గిస్తుంది. దానిని మళ్లీ వేవ్‌గా మార్చినా పోయినవి తిరిగిరావు. వినిపించడానికి ఎంపీ3 చాలు. మూలప్రతికి వేవే ఉండాలి.

4. ట్రాక్, ఫిల్టర్:
ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క ధ్వనిధారను ఒక ట్రాక్‌గా చూపుతారు. హైపాస్ ఫిల్టర్ గాలి హోరు వంటి మంద్రధ్వనులను తగ్గిస్తుంది. అయితే దోనెపై పాడిన పాటలో నీటి చప్పుడు దోషం కాదు, ప్రదర్శన సందర్భం. కాబట్టి మార్పులన్నీ నకలులోనే చేసి, వాటిని నమోదు చేయాలి.

ముగింపు:
ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాల కళాశాలల తెలుగు శాఖలు సేకరణకు ముందే విద్యార్థులకు ఈ పదాలను ప్రయోగపూర్వకంగా బోధించాలి. లిప్యంతరీకరణలో దొర్లిన తప్పును మళ్లీ విని దిద్దుకోవచ్చు. ముద్రణలో పోయిన పలుకును దిద్దడానికి ఆధారమే మిగలదు.