స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్ కొనాలా? ఇటిక్యాల రోడ్ల మీద ఏ స్పెక్ పనికొస్తుంది, ఏది పనికిరాదు

ఫోన్ కొనేముందు ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, బెంచ్‌మార్క్ స్కోర్ ఎంత అని చూస్తాం. అయితే ఎక్కువ స్కోర్ వచ్చిన ఫోన్ పది నిమిషాలు గేమ్ ఆడగానే వేడెక్కి నెమ్మదిస్తే ఆ స్కోర్‌తో మనకి ఒరిగేదేమీ ఉండదు. స్పోర్టీ కార్ల విషయంలోనూ అంతే. పీఎస్ ఎంత, 0 నుంచి 100 ఎన్ని సెకన్లు అని చూసి బుక్ చేసేస్తే, ఆ తర్వాత ఐదారేళ్లు ఈఎంఐ కట్టాల్సింది మనమే. కాబట్టి మన రోడ్ల లెక్కలో ఏ నంబర్ ముఖ్యమో ముందే తెలుసుకుందాం.

మన రోడ్లంటే ఉదాహరణకి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాల ప్రాంతమే తీసుకుందాం. ఇక్కడ రెండు రకాల రోడ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి బీచుపల్లి దగ్గర కృష్ణా నది దాటి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తా మీదుగా కర్నూలు వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి. రెండోది అక్కడి నుంచి గద్వాల వైపు, ఊళ్లలోకి పోయే రోడ్లు. వీటి మీద ట్రాక్టర్లు, పత్తి లోడు బండ్లు, గొర్ల మందలు ఉంటాయి. కోతల టైంలో అయితే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. రెండు రోడ్లకీ సరిపోయే కారే మంచి కారు.

మన దగ్గర అన్నీ చిన్న టర్బోలే ఎందుకు?

మామూలు ఫ్యామిలీ హ్యాచ్‌బ్యాక్‌లో బలమైన ఇంజన్ పెట్టి అమ్మడం అనగానే గుర్తొచ్చేది 1976లో అమ్మకాలకి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. ఆ పేరుతో కారు 2025లో ఇండియాకి కూడా వచ్చింది. పవర్ 265 పీఎస్, వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 53 లక్షలు. మనలో ఎక్కువ మందికి అది వాల్‌పేపర్ వరకే.

మనం కొనగలిగే కార్ల రూపురేఖల్ని చాలావరకు పన్నే నిర్ణయిస్తుంది. పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ దాటకపోతేనే చిన్న కారు పన్ను వర్తిస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతం జీఎస్టీ. ఆ గీత దాటితే 40 శాతం. అందుకే కంపెనీలు ఇంజన్ సైజు పెంచకుండా టర్బో తగిలిస్తాయి. 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో 1 లీటర్ టర్బో, 120 పీఎస్. 2024లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్‌లో 1.2 లీటర్ టర్బో, 120 పీఎస్. 2015లో ఫియట్ తెచ్చిన అబార్త్ పుంటో పొడవు 4 మీటర్లలోపే, కానీ 145 పీఎస్ ఇచ్చే దాని ఇంజన్ 1.4 లీటర్. అప్పటి పన్ను లెక్కలోనూ అది గీత అవతలే పడింది.

పీఎస్ కాదు, టార్క్ ఎక్కడ మొదలవుతుందో చూడండి

మారుతీ బలేనోలోని మామూలు 1.2 పెట్రోల్ ఇంజన్ గరిష్ఠంగా 113 ఎన్ఎం టార్క్ ఇస్తుంది, అదీ 4400 ఆర్‌పీఎం దగ్గర. ఐ20 ఎన్ లైన్ ఇచ్చేది 172 ఎన్ఎం, 1500 నుంచి 4000 వరకు. ఆల్ట్రోజ్ రేసర్ 170 ఎన్ఎం, 1750 నుంచి 4000 వరకు.

గద్వాల రోడ్డు మీద 50 స్పీడ్‌లో పత్తి ట్రాక్టర్ వెనకాల ఉన్నారనుకోండి. మామూలు ఇంజన్ అయితే గేర్ తగ్గించి, ఇంజన్‌ని అరిపించి ఓవర్‌టేక్ చేయాలి. టర్బో అయితే థర్డ్ గేర్‌లోనే లాగేస్తుంది. ఎదురు లేన్‌లో ఉండే టైం తగ్గుతుంది. నా దృష్టిలో స్పోర్టీ కారు కొనడానికి అన్నిటికంటే గట్టి కారణం ఇదే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఊళ్లో స్పీడ్ బ్రేకర్ దాటి సెకండ్ గేర్‌లో మెల్లగా వస్తున్నప్పుడు ఆర్‌పీఎం 1500 కంటే కింద ఉంటుంది. అక్కడ టర్బో ఇంకా పుంజుకోదు, మిగిలేది చిన్న ఇంజన్ బలమే. రోజూ ఊళ్ల మధ్యే తిరిగేవాళ్లకి మాటిమాటికీ గేర్ మార్చడం చిరాకు పుట్టిస్తుంది. టెస్ట్ డ్రైవ్ తీసుకుంటే హైవే మీద ఒక్కటే కాదు, నాలుగు స్పీడ్ బ్రేకర్లున్న రోడ్డు మీద కూడా నడిపి చూడండి.

అసలు బెంచ్‌మార్క్ బ్రేకులే

100 స్పీడ్‌లో కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. ముందు గొర్రె కనపడి, కాలు బ్రేక్ మీద పడేసరికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే అప్పటికే 42 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉన్నా ఆగడానికి ఇంకో 50 మీటర్ల వరకు కావాలి. అదే 120 అయితే బ్రేక్ వేశాక పట్టే దూరమే సుమారు 70 మీటర్లు. స్పీడ్ ఐదో వంతు పెరిగితే బ్రేకింగ్ దూరం దాదాపు సగం పెరిగింది. వడ్లు పరిచిన చోట టైరుకి పట్టే ఉండదు, అక్కడ ఈ లెక్కలు కూడా పనిచేయవు.

అందుకే ఐ20 ఎన్ లైన్‌కి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు ఉండటం నాకు నచ్చుతుంది. రేసర్‌కి వెనక డ్రమ్సే. ఇంకో మాట, బడ్జెట్ మిగిలితే సౌండ్ సిస్టమ్ కంటే ముందు మంచి టైర్ల మీద పెట్టండి. మన ఎండల్లో గాలి ప్రెషర్‌ని పొద్దున్నే, బండి కదలకముందే చెక్ చేయాలి.

సెకండ్ హ్యాండ్ పోలో సంగతి

ఎన్థూజియాస్ట్‌లు ఇప్పటికీ వెతికేది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 2013లో 1.2 టర్బో, 105 పీఎస్, 7 స్పీడ్ డీఎస్‌జీతో వచ్చింది. 2022లో పోలో అమ్మకాలే ఆగిపోయాయి. నడపడానికి ఇప్పటికీ ముచ్చటేసే కారు. కానీ ఆ డీఎస్‌జీలో ఉండేది డ్రై క్లచ్, అంటే ఆయిల్‌తో చల్లబడేది కాదు. ట్రాఫిక్‌లో పాకుతూ నడిచిన బండి అయితే క్లచ్ మీద భారం ఎక్కువ పడి ఉంటుంది. గేర్‌బాక్స్ రిపేర్ అంటే చిన్న ఖర్చు కాదు. కాబట్టి సర్వీస్ రికార్డ్ లేని బండి ఎంత చవకైనా వద్దు. దగ్గర్లో ఆ గేర్‌బాక్స్ తెలిసిన వర్క్‌షాప్ ఉందో లేదో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

సైలెన్సర్, రీమ్యాప్ జోలికి పోవచ్చా?

ఫోన్‌ని రూట్ చేసినట్టు ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చడమే రీమ్యాప్. పవర్ పెరుగుతుంది, నిజమే. కానీ క్లచ్, గేర్‌బాక్స్, బ్రేకులు పాతవే ఉంటాయి. వారంటీ చిక్కుల్లో పడుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి అడ్డుపడేది కూడా ఇలాంటి మార్పులే.

చివరిగా మా మాట

వారానికోసారైనా హైవే ఎక్కేవాళ్లు, మధ్యలో సింగిల్ రోడ్ల మీద ఓవర్‌టేక్ చేయాల్సి వచ్చేవాళ్లు టర్బో హ్యాచ్‌బ్యాక్ తీసుకోవచ్చు, ఆ డబ్బుకి విలువ ఉంటుంది. బండి తొంభై శాతం ఊళ్లోనే తిరిగితే మామూలు 1.2 ఇంజన్ చాలు. కేవలం రీల్స్ కోసం, టాప్ స్పీడ్ కోసం అయితే మాత్రం వద్దు. నాలుగు లేన్ల హైవే మీద కార్లకి కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100, బోర్డు మీద ఇంకా తక్కువ ఉంటే అదే లెక్క. ఆ 100కి చేరే దారిలో వచ్చే సరదా కోసం కొనండి, దాటడానికి కాదు.